బాప్తిస్మం మర్నాడు

1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులేసుకుని నీళ్లలో దిగి ఇచ్చారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరుండి నడిపించాడు గానీ ఆ రోజు తన చేత్తో ఎవరికీ ఇవ్వలేదు. ఆ ఏడాది ముగిసేసరికి ఒంగోలు చుట్టుపక్కల కొత్తగా చేరినవాళ్లు పది వేలకు దగ్గరయ్యారు. తెలుగు క్రైస్తవ చరిత్ర చెప్పేవాళ్లు ఎవరైనా ఈ అంకె చెప్పకుండా ముందుకు పోరు.

నాకు మాత్రం ఆ మర్నాటి సంగతి ఎక్కువ ముఖ్యం అనిపిస్తుంది. ఆ రెండు వేల పైచిలుకు మంది ఎవరి పాలేనికి వాళ్లు తిరిగి వెళ్లారు. చదువొచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. చేతిలో బైబిలు లేదు, ఉన్నా చదవలేరు. ఎక్కువ మంది మాదిగలు. అదే ఊరు, అదే ఆసామి, అదే అప్పు. కొత్తగా నమ్మిన దేవుడి గురించి వాళ్లకు తెలిసింది కొంచెం. ఆ కొంచెమూ నిలిచి పెరగాలంటే పక్కన ఎవరుండాలి, ఎంతకాలం ఉండాలి, వాళ్లను దేని నుంచి కాపాడాలి? నేటికీ మన సంఘాలకు ఇంతకన్నా పెద్ద ప్రశ్న లేదు. ఏటా ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చామో మన నివేదికల్లో ఉంటుంది. మూడేళ్ల కిందట తీసుకున్నవాళ్లు ఇప్పుడెక్కడున్నారో చాలా చోట్ల ఉండదు.

ఒంగోలు వాళ్లు దీన్ని ఎలా ఎదుర్కొన్నారో కాస్త వివరంగా చూడాలి. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల మేర పని క్లౌ గుత్తకు తీసుకున్నాడు, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరకాలని. అతని బోధకులే అక్కడ మేస్త్రీలు. పని ఆపి కూర్చున్నప్పుడు వాళ్లు జనంతో మాట్లాడేవాళ్లు. జనం బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం చేరారన్న మాట వాళ్ల మీద పడకూడదని, వాళ్ల మనసులో కూడా ఆ రెండూ కలగాపులగం కాకూడదని, పదిహేను నెలలపాటు ఒక్కరికీ ఇవ్వకుండా ఆపాడు. గుత్త పని ముగిశాక, ఇక కూలీ లేదు గింజలూ లేవు అని తేలాక కూడా అడిగినవాళ్లకే 1878 జూన్ నుంచి ఇవ్వడం మొదలుపెట్టాడు. కొత్త విశ్వాసికి మొదటి రక్షణ ఇక్కడే దొరికిందని నేననుకుంటాను. తాను ఎందుకు వచ్చాడో తనకే స్పష్టంగా తెలిసేంత వ్యవధి ఇవ్వడం కన్నా పెద్ద మేలు ఆ సమయంలో అతనికి ఎవరూ చేయలేరు. ఆస్పత్రి బిల్లు కట్టిన నెలలోనే, ఉద్యోగం ఇప్పించిన వారంలోనే బాప్తిస్మం ఇచ్చే తొందర మనకు ఉన్నంతకాలం ఆ మనిషికి తన విశ్వాసం మీద తనకే అనుమానం మిగిలిపోతుంది. ఊరివాళ్ల అనుమానం సరేసరి.

చేరినవాళ్లకు వాళ్లు నేర్పిన నియమాలు మూడు. ఆదివారం పనికి పోకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్న నియమాలే. ఆనాటి ఊరి కట్టుబాటులో పెట్టి చూస్తే ఒక్కొక్కటి ఒక్కో తగాదా. కోతల కాలంలో ఆదివారం పనికి రాననడం ఆసామి మాట కాదనడమే. చచ్చిన పశువును మోసుకుపోవడం, దాని తోలు తీయడం, ఆ తోలుతో రైతుకు చెప్పులూ మోట సామానూ కుట్టివ్వడం మాదిగ ఇంటికి అంటగట్టిన పని. అందులో ఒక ముక్కను కాదంటే మొత్తం లెక్క కదులుతుంది. ఊరి దేవత కొలుపుకు డప్పు కొట్టకపోతే ఊరంతా తమకు కీడు జరుగుతుందని భయపడుతుంది. ఫలితంగా పనికి పిలవడం మానేశారు, నీళ్లకు అడ్డం వచ్చారు, తప్పుడు కేసులు పెట్టారు. మొదటి వారం నేర్పిన మూడు మాటలే కొత్త విశ్వాసిని ఊరితో తలపడేలా చేశాయన్నమాట. నేర్పినవాడు ఆ తగాదాలో పక్కన లేకపోతే ఆ నేర్పడం అన్యాయం. క్లౌ అధికారుల దాకా వెళ్లి వాళ్ల తరఫున మాట్లాడాడు. ఊళ్లలో ఉన్న తెలుగు బోధకులు వాళ్లతో పాటు దెబ్బలు తిన్నారు. ఇద్దరిలో రెండోవాళ్ల పనే నాకు పెద్దదిగా కనిపిస్తుంది, ఎందుకంటే దొర ఒంగోలులో ఉంటాడు, బోధకుడు ఆ పాలెంలోనే పడుకుంటాడు.

ఆ బోధకుల్లో యర్రగుంట్ల పేరయ్య పేరు చెప్పకుండా ఈ కథ పూర్తికాదు. తోళ్ల వ్యాపారం చేసుకునే మనిషి. క్రైస్తవుడు కాకముందే గురువుల దగ్గర యోగమార్గం తెలుసుకున్నవాడు. 1866లో ఆయనా, భార్య నాగమ్మా బాప్తిస్మం తీసుకున్నారు. మరుసటి ఏడాది జనవరిలో క్లౌ ఆయన ఊరికి వెళ్లేసరికి, పేరయ్య దగ్గర కూర్చుని విన్నవాళ్లు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. తెలియని భాషలో తెలియని మనిషి చెప్పిన మాటగా కాకుండా, తమ బంధువు, తమ గురువు, తమ యాసలో చెప్పిన మాటగా వాళ్లకు అది చేరింది. పాత గురువులను జనం గింజలిచ్చి పోషించుకున్నట్టే తమ బోధకుణ్ణి కూడా పోషించుకోవాలని క్లౌ పట్టుబట్టాడు. మూడు నెలలకోసారి బోధకులందరూ ఒంగోలు చేరి తమ ఊళ్ల సంగతులు చెప్పుకునేవాళ్లు. ఎవరు ఇబ్బందిలో ఉన్నారు, ఎవరు వెనక్కి పోయారు, ఎవరికి బాప్తిస్మం ఇవ్వొచ్చు అన్నది అక్కడ తేలేది. 1870ల్లో రామాయపట్నంలో బోధకుల కోసం వేదపాఠశాల మొదలైంది. అయినా పది వేల మందికి ఆ సంఖ్యలో బోధకులు చాలలేదు. ఎందరికో సరైన పోషణ అందలేదు. గొప్ప కథే అయినా ఈ లోటు అందులో భాగం.

ఈ విషయాన్ని గట్టిగా పరిశీలించినవాడు వాస్కం పికెట్. అమెరికన్ మెథడిస్టు. తెలుగు జిల్లాలతో సహా దేశంలో పలుచోట్ల గుంపులుగా క్రైస్తవంలోకి వచ్చినవాళ్లను కుటుంబం కుటుంబంగా అడిగి చూసి, 1933లో ఒక పుస్తకం వేశాడు. ఎందుకు వచ్చారని అడిగితే రకరకాల జవాబులు వచ్చాయి. కొందరు దేవుడి కోసం అన్నారు, కొందరు పిల్లల చదువు అన్నారు, కొందరు ఆసామి బాధ తప్పించుకోవడానికి అన్నారు, కొందరు మావాళ్లు వచ్చారు గనుక మేమూ వచ్చాం అన్నారు. ఆ జవాబులను తర్వాతి జీవితంతో పోల్చి చూసిన పికెట్‌కు తేలిందేమంటే, వచ్చిన కారణం కన్నా వచ్చాక అందిన బోధన, సంరక్షణ ఎక్కువ తేడా తెచ్చాయి. మంచి కారణంతో వచ్చి ఎవరూ పట్టించుకోనివాళ్లు నీరసించారు. మామూలు కారణంతో వచ్చి క్రమంగా ఆరాధన, బోధ దొరికినవాళ్లు నిలబడ్డారు. ఇది చదివితే నాకు ఊరట కలుగుతుంది, భయమూ కలుగుతుంది. ఊరట ఎందుకంటే, ఎవరూ తొలినాటి మనసుకే కట్టుబడి ఉండిపోరు. భయం ఎందుకంటే, ఆ తర్వాతి బాధ్యత పూర్తిగా మన మీద పడింది.

ఇంత ప్రాథమికమైన సంగతి ఆది సంఘానికి తెలుసు. సౌలు మారాడన్న మాట యెరూషలేములో ఎవరూ నమ్మలేదు, భయపడ్డారు. బర్నబా ఒక్కడే అతణ్ణి చేరదీసి అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లి, తన పూచీ మీద అతని కథ చెప్పాడు. తర్వాత కొన్నేళ్లకు అంతియొకయలో సంఘం పెరిగినప్పుడు, తార్సుకు పోయి అతణ్ణి వెతికి పట్టుకుని తెచ్చుకున్నాడు. ఏడాది పాటు ఇద్దరూ కలిసి బోధించారు. మూడో శతాబ్దపు రోమా సంఘానిదని చెప్పే ఒక నియమావళి ప్రకారం బాప్తిస్మానికి ముందు మూడేళ్లు వినాలి. వెంట తెచ్చినవాళ్లు సాక్ష్యం చెప్పాలి. బాప్తిస్మానికి నిర్ణయించే ముందు అడిగే ప్రశ్నల్లో విధవరాళ్లను ఆదరించాడా, రోగులను చూడటానికి వెళ్లాడా అన్నవి ఉన్నాయి. ఎంత కంఠస్థం వచ్చిందన్న దానితో పాటు ఎలా బతుకుతున్నాడన్నది వాళ్లు చూశారు, చూడగలిగేంత దగ్గరగా ఉన్నారు. మూడేళ్ల నియమం మనకు వర్తించాలని నేననడం లేదు. ఒక మనిషి ఇంకొకరికి పూచీ పడటం మాత్రం మనకూ కావాలి.

తెలుగు నేలలో దీన్ని వ్యవస్థగా మలిచిన మనిషి వి. ఎస్. అజరయ్య. తిరునెల్వేలి తమిళుడు. 1909లో దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. అంతకు రెండేళ్ల ముందు ఎడింబరో మహాసభలో మిషనరీల ముఖం మీదే ఆయన అడిగింది స్నేహం. త్యాగాలు చేశారు, నిజమే, మాతో కలిసి భోంచేసే చెలిమి మాత్రం ఇవ్వలేదన్న బాధ ఆ ప్రసంగం నిండా ఉంది. అదే మనిషి తర్వాత తన అధ్యక్షమండలంలో ఊరూరా ఉపాధ్యాయుణ్ణి పెట్టి, వాళ్ల భార్యలకు కూడా తర్ఫీదు ఇప్పించి, పాలేల్లో కుటుంబాల మధ్య కుటుంబాలు కాపురం ఉండేలా చేశాడు. చదువురాని జనానికి విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన నోటికి వచ్చేదాకా చెప్పించారు. పాటలు నేర్పారు. పురుషోత్తమ చౌదరి వంటివాళ్లు అంతకుముందే రాసిపెట్టిన కీర్తనలు తెలుగు సంఘాలకు అప్పటికే ఉన్నాయి. అక్షరం రాని అమ్మ కూడా రాగంలో సిద్ధాంతం నేర్చుకుంది. మురికి, జబ్బు, అప్పు, తాగుడు అన్న నాలుగు శత్రువుల మీద అజరయ్య పోరు సాగింది. ఆత్మను మాత్రమే చూసుకుంటే చాలు, వడ్డీ సంగతి మనకెందుకు అన్న ధోరణి ఆయనకు లేదు.

ఆయన దగ్గర ఇంకొక పట్టుదల ఉంది. బాప్తిస్మం తీసుకునేవాళ్లు తమ తల మీద తాము చేయి పెట్టుకుని, సువార్త చెప్పకపోతే తమకు శ్రమే అన్న పౌలు మాటను పలికేవాళ్లు. అంటే మొదటి రోజు నుంచే వాళ్లు పని ఉన్నవాళ్లు. ఏటా ఒక వారం సామాన్య విశ్వాసులు పక్క ఊళ్లకు వెళ్లి సాక్ష్యం చెప్పేవాళ్లు. నిరుపేద కూలీని, ఎప్పుడూ ఇతరులు ఇచ్చినదే తీసుకునేవాణ్ణి, ఇవ్వగలిగినవాడుగా చూడటం ఎంత గౌరవమో ఆలోచించండి.

దీన్ని పట్టుకుని కొందరు నేటి కూటాల్లో జరిగేదాన్ని సమర్థించబోతారు. కొత్తగా వచ్చినవాణ్ణి, ముఖ్యంగా పేరున్నవాణ్ణో, పై కులం నుంచి వచ్చినవాణ్ణో, ఒకప్పుడు రౌడీయిజం చేసినవాణ్ణో, ఆరు నెలలు తిరక్కుండానే వేదికెక్కించి సాక్ష్యం చెప్పిస్తారు. వీడియో తీసి పెడతారు. కూటం నుంచి కూటానికి తిప్పుతారు. ఇది అజరయ్య చేయించింది కాదు. పక్క పాలెంలో తనలాంటి కూలీ ముందు నాలుగు ముక్కలు చెప్పడం వేరు, వేల మంది చప్పట్ల ముందు నిలబడటం వేరు. మొదటిది మనిషిని గట్టిపరుస్తుంది. రెండోది అతని గతాన్ని సరుకు చేస్తుంది, ప్రతిసారీ ఇంకొంచెం రంగు పూయాలన్న ఒత్తిడి తెస్తుంది. కొత్తగా చేరినవాణ్ణి సంఘాధ్యక్షుడిగా పెట్టవద్దని, గర్వంతో పడిపోతాడని పౌలు తిమోతికి రాసింది అందుకే. వీడియో బయటికి పోయాక ఆ మనిషి కుటుంబానికి, ఊళ్లో అతని చెల్లెలి పెళ్లి సంబంధానికి ఏమవుతుందో వేదిక మీదివాళ్లు అడగరు. ఏడాది తిరిగేదాకా బహిరంగ సాక్ష్యం వద్దు, ఫొటో వద్దు అని పక్కనున్న పెద్ద గట్టిగా చెప్పగలగాలి. పాస్టరు గారు అడిగినా చెప్పగలగాలి.

కొత్త విశ్వాసికి లోపలి నుంచి వచ్చే అపాయాల గురించి మనం తక్కువ మాట్లాడతాం. ఎఫెసు పెద్దల దగ్గర సెలవు తీసుకుంటూ పౌలు హెచ్చరించింది బయటివాళ్ల గురించి మాత్రమే కాదు, మీలోనుంచే లేస్తారన్నాడు. అన్నిటికన్నా ప్రాణాంతకమైంది మందులు మానిపించడం. క్షయకు వేసుకుంటున్న మాత్రలు, చక్కెర వ్యాధికి ఇన్సులిన్, మానసిక వైద్యుడు రాసిన మందు, వీటిని విశ్వాసం లేకపోవడానికి గుర్తుగా చూపే బోధకుడు ఎదురైతే కొత్తవాడికి కాదనే ధైర్యం ఉండదు. పక్కనున్నవాళ్లే అడ్డం పడాలి. ప్రార్థన చేద్దాం, మాత్రా వేసుకుందాం అని ముందే నేర్పి ఉంచాలి. రెండోది డబ్బు. అప్పుల్లో ఉన్నవాడికి దశమ భాగం లెక్క చెప్పి, ఇంత ఇస్తే అంత వస్తుందని ఆశపెట్టడం మోసం. మొదటి ఏడాది కొత్తవాళ్ల దగ్గర ప్రత్యేక కానుకలు అడగకూడదని ఏ సంఘమైనా నిర్ణయించుకుంటే నేను ఆ సంఘాన్ని నమ్ముతాను. మూడోది ఒంటరి ఉపదేశం పేరుతో జరిగే అన్యాయం. ఆడవాళ్లకు ఆడవాళ్లే తోడుండాలి, పిల్లలతో మాట్లాడేటప్పుడు ఇంకొక పెద్ద ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి. పాతకాలపు బైబిలు స్త్రీలు ఇంటింటికీ వెళ్లి చేసిన పని ఈ కారణంగానే ఎంతో విలువైంది. మగ బోధకుడు అడుగుపెట్టలేని వంటింట్లో వాళ్లు కూర్చుని చదివి వినిపించారు.

పెంచేవాళ్ల ప్రేమ కూడా అదుపుగా మారగలదు. పండిత రమాబాయి 1883లో ఇంగ్లండులోని వాంటేజిలో, తనను ఆదరించిన ఆంగ్లికన్ సన్యాసినుల దగ్గర ఉండగా, కూతురు మనోరమతో పాటు బాప్తిస్మం తీసుకుంది. సంస్కృత శాస్త్రాలు నోటికి వచ్చిన ఆమె ప్రతి సిద్ధాంతాన్నీ ప్రశ్నించింది. త్రిత్వం గురించి అడిగింది. ఒక్క సంఘం మాటే చివరి మాట ఎందుకు కావాలని అడిగింది. ఆమెకు ఆధ్యాత్మిక తల్లిగా నిలిచిన సిస్టర్ జెరాల్డీన్‌కు అది అహంకారంలా కనిపించింది. వాళ్ల మధ్య నడిచిన ఉత్తరాలు చదివితే ఇద్దరిలోనూ ప్రేమ కనిపిస్తుంది. ఒకరు విధేయత కోరారు, ఇంకొకరు తన మనస్సాక్షిని వేరొకరి చేతిలో పెట్టనన్నారు. రమాబాయి విశ్వాసం పోలేదు. తర్వాతి దశాబ్దాల్లో కేడ్గావ్‌లో కరువు బారిన పడిన వందల మంది ఆడవాళ్లకు, పిల్లలకు ఆశ్రయమిచ్చింది, బైబిలును స్వయంగా మరాఠీలోకి అనువదించింది. ప్రశ్నలు అడిగినందుకు ఆమెను అప్పుడే వెలివేసి ఉంటే ఏం పోగొట్టుకునేవాళ్లమో తెలిసిందిగా. మన సంఘాల్లో ప్రశ్న అడిగిన కుర్రాడికి దయ్యం పట్టిందనో, విశ్వాసం తగ్గిందనో అనడం ఎంత మామూలైందో గుర్తుంచుకుని ఈ సంగతి చెబుతున్నాను.

దీనికి పూర్తిగా భిన్నమైన కథ భక్తసింగ్‌ది. పంజాబు సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, ఇంజనీరింగు చదువు కోసం విదేశాలకు వెళ్లాడు. కెనడాలోని విన్నిపెగ్‌లో జాన్, ఎడిత్ హేవర్డ్ అనే దంపతులు ఆయన్ను భోజనానికి పిలిచి, తమ ఇంట్లోనే ఉండమన్నారు. రోజూ భోజనమయ్యాక కలిసి బైబిలు చదివేవాళ్లు. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు. మరుసటి ఏడాది స్వదేశానికి తిరిగి వచ్చినప్పుడు కన్నవాళ్లు ఇంటికి రానివ్వలేదు. ఆ దెబ్బకు ఆయన కూలిపోకపోవడంలో విన్నిపెగ్ భోజనాల బల్ల పాలు ఎంతో మనం కొలవలేం. ఆయన 1950లో హైదరాబాదులో హెబ్రోను స్థాపించాక అక్కడ సాగిన జీవితం చూస్తే మాత్రం గుర్తుపట్టవచ్చు. ఒకే చోట ఉండటం, అందరూ నేల మీద వరుసగా కూర్చుని ప్రేమ విందు తినడం, కులం అడగకపోవడం అక్కడి పద్ధతి. ఇంట్లోంచి గెంటేసినవాడికి ఒక ఇల్లు, ఒక పంక్తి దొరికాయి. కొత్త విశ్వాసికి పుస్తకాలు పంచేవాళ్లం చాలామందిమి ఉన్నాం. వారానికి ఒకసారి ఇంటికి పిలిచి భోజనం పెట్టి, మన పిల్లలతో మనం ఎలా మాట్లాడతామో, భార్యాభర్తలం ఎలా తగాదా పడి ఎలా సర్దుకుంటామో చూడనిచ్చేవాళ్లం తక్కువ.

ఇంటి నుంచి వచ్చే వ్యతిరేకత విషయంలో పక్కనున్నవాళ్లకు నిదానం కావాలి. కొత్త ఉత్సాహంలో పూజగదిలో పటాలు తీసి పారేసిన కుర్రాడు, అమ్మ చేసిన పండగ వంట ముట్టని కోడలు, తాతగారి తద్దినానికి ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మాయమైన మనవడు, వీళ్లను హింసకు గురైన విశ్వాసులుగా చూపడం సులువు. నిజానికి అక్కడ గాయపడింది తల్లి మనసు. అది తన ఇల్లు, తన దేవుళ్లు. దేనిలో పాలుపంచుకోలేడో చెప్పే హక్కు కొత్తవాడికి ఉంది, దాన్ని చేతులు కట్టుకుని చెప్పాలి. అమ్మా, పూజలో కూర్చోలేను, పీటలు వేస్తాను, నీళ్లు తెస్తాను, చుట్టాలను స్టేషన్ నుంచి తీసుకొస్తాను అనడం నేర్పాలి. తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞ బాప్తిస్మంతో రద్దు కాలేదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు ఇంట్లో తెలియకుండా కూటాలకు వస్తుంటే, దాన్ని ప్రోత్సహించకుండా ఆ ఇంటి పెద్దలను కలవడం మన బాధ్యత. నిజంగా కొడుతున్నారంటే అది వేరే సంగతి. అప్పుడు ప్రార్థనా కూటంతో సరిపెట్టకూడదు. పడుకోవడానికి సురక్షితమైన చోటు, వైద్యం, వకీలు, అవసరమైతే పోలీసు స్టేషను, ఇవన్నీ చూడాలి.

చట్టం గురించి బాప్తిస్మానికి ముందే చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు బీసీ-సీ కిందికి వస్తారు, ఆ విభాగానికి రిజర్వేషను 1 శాతం. నది దాటినా కులం వెంటే వచ్చే దేశంలో ఈ తేడా అన్యాయమని నేను నమ్ముతాను. నా నమ్మకంతో పనిలేకుండా, పోటీ పరీక్షకు చదువుతున్న అబ్బాయికి ఈ సంగతి తెలిసి ఉండాలి. చెప్పకుండా నీళ్లలోకి దింపి, తర్వాత సర్టిఫికెట్ దగ్గర అబద్ధమాడే పరిస్థితిలో అతణ్ణి వదిలేయడం కాపరితనం కాదు. ఆస్తి విషయంలో భయపెట్టేవాళ్లకు జవాబు కూడా తెలిసి ఉండాలి. మతం మారినంత మాత్రాన వారసత్వ హక్కు పోదని 1850 నాటి చట్టమే చెప్పింది. అయితే 1956 హిందూ వారసత్వ చట్టం 26వ సెక్షను ప్రకారం, మారిన తర్వాత పుట్టిన పిల్లలు వారసత్వం తేలే నాటికి హిందువులుగా లేకపోతే హిందూ బంధువుల ఆస్తికి వారసులు కారు. వీటిని చెప్పాల్సింది తెలిసిన వకీలు. అతని దగ్గరికి తీసుకెళ్లాల్సింది మనం.

ఇంత చెప్పాక కూడా ఇంట్లో ఒక్కరే నమ్మిన ఆడవాళ్ల సంగతి మిగిలే ఉంటుంది. బాప్తిస్మం తీసుకోలేరు, ఆదివారం రాలేరు, బొట్టు తీయలేరు. వంట చేస్తూ మనసులో ప్రార్థించుకుంటారు. అలాంటివాళ్లను సగం విశ్వాసులుగా చూసే కళ్లు మన సంఘాల్లో చాలా ఉన్నాయి. వాళ్లకు గడువులు పెట్టకుండా, రహస్యాన్ని ఎక్కడా బయటపెట్టకుండా, మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేని వేళ ఫోను చేసి ఒక కీర్తన వినిపించే అక్క ఒకరు ఉంటే చాలు. కూటంలో ఫలానా వీధి ఫలానా కోడలి కోసం ప్రార్థించండి అని చెప్పడం ఆమెను ప్రమాదంలో పడేయడమే. పేరు చెప్పకపోయినా దేవుడికి తెలుసు.

తోడుండే కాలానికి ఒక హద్దు కూడా ఉండాలి. థెస్సలొనీకయుల మధ్య తాను పాలిచ్చే తల్లిలా ఉన్నానని పౌలు రాశాడు, ఆ తల్లి పాలు మాన్పిస్తుంది కూడా. రెండేళ్ల తర్వాత కూడా ప్రతి చిన్న నిర్ణయానికీ, అద్దె ఇల్లు మారడానికీ, సంబంధం చూడటానికీ కొత్తవాడు మనల్నే అడుగుతుంటే మనం సరిగ్గా నేర్పలేదు. తనంతట తాను వాక్యం చదివి, తెలిసినంతలో అర్థం చేసుకుని, మనతో విభేదించగలిగితే నేర్పినట్టే. వేరే సంఘానికి వెళతానంటే ఆశీర్వదించి పంపాలి, అక్కడి పెద్దకు ఫోను చేసి మంచి మాట చెప్పాలి. సంఘస్థుల లెక్క తగ్గుతుందని అతని మీద నిందలు వేసే పెద్దలు మొదటి నుంచీ లెక్కనే పెంచారు.

చివరగా వెనక్కి పోయినవాళ్ల గురించి. తాగుడు మానిన మనిషి మళ్లీ తాగుతాడు. జాతరకు వెళ్లనన్నవాడు వెళతాడు. సిగ్గుతో రెండు ఆదివారాలు రాడు, మూడో ఆదివారానికి అలవాటు పడతాడు. ఆ మొదటి వారంలోనే వెళ్లాలి. నలుగురు పెద్దలను వెంటేసుకుని పంచాయితీలా పోవద్దు. ఒక్కరే వెళ్లండి, లేదా భార్యాభర్తలు వెళ్లండి. ఆ సంగతి వాళ్లంతట వాళ్లు ఎత్తేదాకా మీరు ఎత్తవద్దు. వాళ్లింట్లో ఏముంటే అది తినండి. పిల్లల ఫీజు సంగతి అడగండి, పని దొరుకుతోందా అడగండి. ఏడిస్తే ఏడవనివ్వండి. వచ్చే ఆదివారం మేం ఇటునుంచే వెళతాం, కలిసి పోదాం అని చెప్పి లేవండి. ఆదివారం చెప్పిన వేళకు వెళ్లి తలుపు కొట్టండి. రాననంటే బుధవారం మళ్లీ వెళ్లండి.